పది గంటల నీడలో కూజా మొక్క

ఏసీ నుంచి ప్లాస్టిక్ బకెట్‌లోకి నీటిచుక్క పడే చప్పుడు వింటే చాలామందికి మెకానిక్కు గుర్తొస్తాడు. నాకు ఖాదర్ చాచా గుర్తొస్తాడు. ఈ పొద్దున షట్టరు ఎత్తి, ఏసీ వేసి, అగరుబత్తి వెలిగించి కూర్చున్నానో లేదో వెనక వరండాలో టప్‌మని మొదటి చుక్క పడింది. ఆ వెంటనే తడిసిన కొబ్బరిపీచు వాసన వచ్చింది. మా మారేడ్‌పల్లి వీధిలో నాలుగు చాయ్ దుకాణాలు, రెండు మిర్చిబజ్జీ బండ్లు, ఒక బేకరీ ఉన్నాయి. ఆ వాసనలన్నిటినీ తోసుకుంటూ కొబ్బరిపీచు వాసన సరాసరి నా ముక్కు దగ్గరికి వచ్చి, "ఏం సేటూ, ఆకు జూసినవా లేదా?" అని అడిగింది. వాసన మాట్లాడుతుందా అని మీకు సందేహం రావచ్చు. వరండాలోని కూజా మొక్కను నాకు అప్పజెప్పిన మనిషిని మీరు చూసి ఉంటే రాదు.

మాది మ్యాచింగ్ సెంటర్. చీర పట్టుకుని వస్తే దానికి సరిపోయే జాకెట్టు గుడ్డ, ఫాలు, లైనింగు ఇస్తాం. సరిపోయేది దొరక్కపోతే తెల్లగుడ్డ చింపి, పైన డాబా మీద రంగు వేయించి ఇచ్చేవాళ్లం. ఆ డాబా మీద ముప్పై ఏళ్లు రంగులు వేసినవాడే ఖాదర్ చాచా. రంగుల గురించి మాట్లాడటంలో మాత్రం నాకు ఎవరూ సాటి లేరని ఆ రోజుల్లో నా నమ్మకం. నా షాపులో ఎరుపు అనే రంగే ఉండేది కాదు. కోపమొచ్చిన మహారాణి బుగ్గ ఉండేది. పసుపు ఉండేది కాదు. పెళ్లిపీటల మీద పొద్దుతిరుగుడు ఉండేది. బూడిదరంగు గుడ్డను ముసురు పట్టిన హుస్సేన్‌సాగర్ అని చెప్పి ఒకావిడకు మూడు మీటర్లు అమ్మాను. ఆవిడకు కావలసింది ఒక్క మీటరు.

షాపు తెరిచిన మొదటి వేసవిలో ఏసీ పెట్టించాను. అది మోగితే కంటోన్మెంటులో కవాతు ఆగిపోయేది. చల్లదనం విషయానికొస్తే కౌంటరు మీది కత్తెర ఒక్కటే కాస్త చల్లబడేది. నీళ్లు మాత్రం జంటనగరాల దాహం తీరేటన్ని కార్చేది. ఆ నీళ్లన్నీ వెనక మెట్ల కిందికి పోయేవి. మూడో రోజు ఆ మెట్లు దిగి ఒక పెద్దమనిషి వచ్చాడు. గళ్ల లుంగీ, తెల్ల బనియను, మోచేతుల దాకా పాత రంగులు, ఐదు వేళ్లకూ ఐదు రంగుల గోళ్లు. చేతిలో బకెట్. జారిపడ్డాడేమో, గొడవకొచ్చాడేమో అనుకుని నేను అప్పటికే సగం క్షమాపణ నోట్లో సిద్ధం చేసుకున్నాను.

"గీ నీళ్లు నువ్వేం జేస్తున్నవ్?" అన్నాడు.

"ఏం చేస్తలేను చాచా. వాటంతటవే పోతున్నయ్. రేపే పైపు పెట్టిస్తా."

"పెట్టియ్యకు. నాకియ్యి. బోరు నీళ్లల్ల ఉప్పుంటది. నల్లా నీళ్లల్ల మందుంటది. గివి సాఫ్ నీళ్లు. నా మొక్కకు గిట్లాంటియే కావాలె."

ఏసీ నీళ్లు తాగే మొక్క ఏమిటో చూద్దామని ఆయన వెంటే పైకి వెళ్లాను. డాబా మీద ఒక పక్క రెండు పొయ్యిలు, వాటి మీద అల్యూమినియం గంజులు, రంగు పొడుల డబ్బాలు, నాలుగు తాళ్ల మీద ఆరేసిన దుపట్టాలు. ఇంకో పక్క నీళ్ల ట్యాంకు దగ్గర ఆకుపచ్చ నెట్టు కింద వేలాడుతోంది ఆ మొక్క. పొడుగాటి ఆకు, ఆకు కొస నుంచి దారంలాంటి తీగ, తీగ చివర మూతతో సహా ఒక కూజా. కూజాలో రెండు చెంచాల నీళ్లు. తేనెలాంటి తడి కోసం అంచు మీదికి వచ్చిన చీమ కాలు జారి లోపల పడుతుంది, మొక్క తీరిగ్గా అరిగించుకుంటుంది. బోయిన్‌పల్లిలో ఒక నర్సరీ మూసేస్తుంటే ఎవరికీ పట్టని మూలలో పడి ఉందట. సైకిలు హ్యాండిలుకు తగిలించుకుని తెచ్చాడట.

కింద మొదటి రోజు కస్టమర్లకు ఆ మొక్క చీమల్ని తింటుందని చెప్పాను. బుధవారానికి చీమ బల్లి అయింది. శనివారానికి, కరెంటు మీటరు చూడటానికి పైకి వెళ్లిన మనిషి ఇంకా కిందికి దిగలేదని చెప్పాను. ఆ సాయంత్రం ఖాదర్ చాచా నీళ్ల బకెట్ కోసం వచ్చి, కౌంటరుకు ఆనుకుని అందరిముందూ అడిగాడు: "మీటరాయన నా చెట్టు కడుపుల ఉన్నడంట గద సేటూ. మల్ల ఈ నెల బిల్లు ఎవలు రాస్తరు?"

ఆయనకు ఒక అలవాటు ఉండేది. పొద్దున పది గంటలకు మెట్ల గది నీడ డాబా మీద చాపంత వెడల్పున పడుతుంది. ఎండ నేరుగా తగలదు, ఆకాశం మాత్రం నిండుగా కనిపిస్తుంది. రంగు కుదిరిందా లేదా అన్నది ఆ నీడలోనే చూసేవాడు. ఎంత తొందర పనైనా, ఎంత పెద్ద కస్టమరైనా పదింటి దాకా ఆగాల్సిందే. మబ్బు పట్టిందంటే మరునాటికి వాయిదా. కోర్టులో కూడా అన్ని వాయిదాలు ఉండవని నేను గొణిగితే ఆయన చెప్పేవాడు: "ఎండల అన్ని రంగులు ఎగురుతయ్. ట్యూబ్‌లైట్ కింద అన్ని రంగులు నాటకం ఆడ్తయ్. నీడల కూసున్నప్పుడే రంగు తన అసలు పేరు జెప్తది."

కూజా మొక్క కొమ్మలు నాటి ఆయన ఇంకో మూడు కుండీలు చేశాడు. ఒకటి ట్యాంకు వెనక చీకట్లో, ఒకటి రెండు నెట్ల కింద, ఒకటి ఒక నెట్టు కింద, ఒకటి దాదాపు ఎండలో, పిట్టగోడ పక్కన. ఒక పొద్దున నాలుగింటినీ తెచ్చి పది గంటల నీడలో వరసగా పెట్టాడు. నాలుగూ ఒకే మొక్క అంటే నమ్మలేకపోయాను. చీకట్లోది ముదురాకుపచ్చ, కరివేపాకులా. ఆకులు బారెడు పొడుగు, వడలిన చేతుల్లా వేలాడుతున్నాయి, ఒక్క కూజా లేదు. రెండు నెట్లది మామూలు పచ్చ. ఒక్క నెట్టుది చిలకపచ్చ, అంచుల్లో ఎరుపు, ఆకుకొక కూజా, కూజాల మీద ఎర్రచారలు. పిట్టగోడ పక్కది రాగిచెంబులా ఎర్రబడి, పొట్టి ఆకులతో, అక్కడక్కడ కాలిన మచ్చలతో ఉంది.

"నలుగురు ఒక్క తల్లి పిల్లలే," అన్నాడు. "వెలుగు తక్కువైతే ఆకు ఉన్నంతల అందుకుందామని ముదురుగ, పొడుగ్గ అయితది. కూజా కట్టే తాకత్ ఉండదు. వెలుగు ఎక్కువైతే పసుపు తిరిగి, ఎర్రబడి, తన మీద తనే ఎరుపు గొడుగు పట్టుకుంటది. ఇంకా ఎక్కువైతే మాడుతది. కొత్తాకునే జూడాలె. పాతాకు పాత సంగతి జెప్తది. ఇగ చెప్పు, మూడోదాని కొత్తాకు ఏం రంగు?"

నేను గొంతు సవరించుకున్నాను. "తొలకరి చినుకు పడ్డ మామిడి చిగురు మీద సిగ్గుపడ్డ కొత్తపెళ్లికూతురి..."

"నేనడిగింది రంగు. నువ్వు జెప్తున్నది పెండ్లి పిలుపు. నువ్వు మాట్లాడుడు ఆపేటాళ్లకు ఆకు ముసలిదైతది."

అలా ప్రతి పొద్దున పది గంటలకు నాకు ఆకు పరీక్ష మొదలైంది. ఒక్క మాటలో చెప్పాలి, విశేషణం వేస్తే ఫెయిల్. విశేషణం లేకుండా మాట్లాడటం నాకు చొక్కా లేకుండా బజారులో నడిచినట్టుండేది. అయినా వెళ్లేవాణ్ణి. అల్వాల్ నుంచి, తిరుమలగిరి నుంచి జనం ఆయన చేతి రంగు కోసం వచ్చేవారు. ఒకసారి ఒకావిడ గుడ్డముక్క మరిచిపోయి వస్తే, పోయినేడు వేసిన రంగును గుర్తుంచుకుని అచ్చం అదే కలిపాడు. ఆ మాట నేను ఎక్కడ చెప్పినా పెంచను. పెంచడానికి అందులో చోటు లేదు.

కొన్నేళ్లు గడిచాక రంగులు తప్పడం మొదలైంది. ముందు ఒక గులాబీ జాకెట్టు గుడ్డ కొంచెం నీలి ఛాయతో వచ్చింది. కస్టమరు మొహం చిట్లించింది. "ఇది హైదరాబాద్‌లో ఇంకా దిగని ఫ్యాషనమ్మా, మీతోనే షురూ," అన్నాను. సంతోషంగా పట్టుకెళ్లింది. తర్వాత ఒక కనకాంబరం రంగు, ఒక గంధం రంగు. ప్రతిసారీ నా నోరు ఆదుకుంది. నేనెంత గొప్పగా మాట్లాడానంటే తప్పిన రంగుల్ని అడిగి వేయించుకున్నవాళ్లు కూడా ఉన్నారు. పైకి వెళ్లి ఆయనకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. ముప్పై ఏళ్లు కన్నుతో బతికిన మనిషికి నీ కన్ను తప్పుతోందని ఎలా చెప్తాం?

అదే రోజుల్లో ఆయన మొక్కల్ని నీడలోకి జరపసాగాడు. "ఆకు పసుపు తిరుగుతున్నది, ఎండ ఎక్కువైంది," అని రెండో నెట్టు కప్పాడు. వారం తర్వాత మూడోది. ఆ పైన తడిగోనె. ఆకులు నా కళ్ల ముందే ముదురు పచ్చగా మారి వేలాడిపోయాయి. ఉన్న కూజాలు ఎండిపోయాయి, కొత్తవి కట్టలేదు. ఒక పొద్దున నీడలో కుండీ ముందు గొంతుక్కూర్చుని అన్నాడు: "సమజ్ అయితలేదు సేటూ. రంగు జూస్తే ఎండ ఎక్కువైందంటది. కూజాలు జూస్తే ఎండ తక్కువైందంటయ్. రెండింట్ల ఒకటి అబద్ధమాడ్తున్నది. నీ కంటికి ఏం రంగు అగుపడ్తున్నది?"

కుండీలోది కరివేపాకు పచ్చ. పసుపు మచ్చుకు కూడా లేదు. ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు. ఆయన నల్లగుడ్డులో పలచని పొగ నాకు కనిపించింది.

"పసుపే చాచా. నువ్వన్నట్టే," అన్నాను.

జీవితంలో నేనాడిన అతి పొట్టి అబద్ధం అదే. ఒక్క విశేషణం లేదు. పరీక్షలో పాసయ్యాను. ఆయన ఇంకో గోనె కప్పాడు.

మెట్ల దగ్గర ఆయన భార్య నూర్జహాన్ చాచీ నన్ను ఆపింది. "నిన్న ఒక కాలికి నల్ల మేజోడు, ఒక కాలికి నీలం మేజోడు తొడుక్కొని దావత్‌కు వచ్చిండు. అడిగితే నా మీదనే గరమైండు. నువ్వన్న జెర చెప్పు నాయినా, నీ మాట వింటడు." తల ఊపి కిందికి వచ్చేశాను. చెప్పలేదు. నాలుగు నెలలు చెప్పలేదు.

అప్పుడు అల్వాల్ నుంచి సుగుణమ్మ వచ్చింది. కూతురి పెళ్లి. పదకొండు మంది ఆడపిల్లలకు పెళ్లికూతురి చీర అంచుకు సరిపోయేలా ఉల్లిపొర రంగు ఓణీలు కావాలంది. ఆవిడ ఇంట్లో ఏ శుభకార్యానికైనా ఖాదర్ చాచా రంగులే. నాలుగో రోజు కట్ట విప్పాను. పదకొండు ఓణీలూ వంగపూత రంగులో ఉన్నాయి. నేను నా అలవాటైన ఆయుధం తీశాను. "అమ్మా, ఈ రంగు చూశారా, సాయంత్రం మంటపంలో దీపాలు పెట్టగానే..." అంటూ ఉండగా సుగుణమ్మ చీర అంచును ఓణీ పక్కన పెట్టింది. దగ్గరగా పెట్టింది, దూరంగా పెట్టింది. కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. మెల్లగా అంది:

"నాకు కలుస్తలేనట్టు అనిపిస్తున్నది బాబూ. కానీ ఖాదర్ సాబ్ వేసిండంటే కరెక్టే ఉంటది. నా కండ్లే పోతున్నయేమో. పెండ్లయినంక చూపించుకుంటా."

నా నోట్లో సగం మిగిలిన వాక్యం అక్కడే ఎండిపోయింది. నేను మాటలతో ఆయన్ను కాపాడుతున్నానని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆయన మీద నమ్మకంతో ఒకావిడ తన కళ్లనే అనుమానించుకుంటోంది. ఓణీలు, చీర ఆవిడ చేతిలోంచి తీసుకున్నాను. ఎల్లుండి రమ్మన్నాను. ఎందుకని అడిగితే, నా చరిత్రలో తొలిసారి, కారణం కల్పించలేకపోయాను.

మరునాడు పది గంటలకు పైకి వెళ్లాను. నెట్లు, గోనెలు ఎత్తి మూడో కుండీని బయటికి తీసి నీడలో పెట్టాను. పక్కన ఒక కరివేపాకు రెమ్మ, ఒక నిమ్మకాయ పెట్టాను. ఖాదర్ చాచా గంజు కలుపుతున్న కర్ర ఆపి చూశాడు.

"చాచా, ఇది పచ్చ. ముదురు పచ్చ. కరివేపాకు లెక్కనే ఉన్నది, నిమ్మకాయ లెక్క లేదు. నాలుగు నెలల నుంచి పచ్చనే ఉన్నది. ఓణీలు ఉల్లిపొర కాలే, వంగపూత అయినయ్. అంతకుముందువి సుత తప్పినయ్. నేనే దాచిన."

కింద వీధిలో పాత ఇనుము కొనేవాడి కేక వినిపించింది. గంజులో నీళ్లు బుడబుడమన్నాయి. ఆయన ఆకును వేళ్ల మధ్య పట్టుకుని తడిమాడు, రంగు వేళ్లకు తెలుస్తుందేమో అన్నట్టు. తర్వాత అన్నాడు: "అయితే ఆకు అబద్ధం ఆడలేదు. కూజా సుత ఆడలేదు."

"నేనాడిన."

"ముందు నా కన్ను ఆడింది. నువ్వు దాని పక్కన నిలబడి సాక్ష్యం చెప్పినవ్." కోపంగా అనలేదు. రంగు పేరు చెప్పినట్టు చెప్పాడు. తర్వాత లుంగీ బిగించి లేచాడు. "ఓణీలు తే. రంగు దించి మల్ల వేద్దాం. ఈ రోజు కన్ను నీది, చెయ్యి నాది. కథ చెప్పినవంటే గంజుల ముంచుత."

ఆ రోజు పది గంటల నీడ సరిపోలేదు. నీడ జరిగినకొద్దీ మేమూ జరిగాం. ఆయన గుడ్డను ముంచి, పిండి, చీర అంచు పక్కన పట్టుకునేవాడు. "చెప్పు."

"ఉల్లిపొర. కానీ..."

"నీలం ఉన్నదా?"

"ఉన్నది."

"ఎంత?"

బంగాళాఖాతమంత అనబోయి మింగేశాను. "జెర."

"జెర అంటే నాకేం తెలుస్తది? చెయ్యి చూపి చెప్పు."

"గోరు మీద నిలిచేంత పొడి ఎక్కువైంది."

ఆయన తల ఊపి మళ్లీ మొదలుపెట్టేవాడు. నీలమే ఆయనకు అందకుండా పోతోందని అప్పుడు తెలిసింది. ఎంత వేసినా తక్కువనిపించి ఇంకో చిటికెడు వేస్తున్నాడు. ఆకుపచ్చలోంచి కూడా ఆ నీలమే జారిపోయి ఆయనకు పసుపు మిగులుతోంది. తొమ్మిది సార్లు ముంచాం. తొమ్మిది సార్లూ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సాయంత్రానికి నా నాలుక, ఏడు కొండలూ మోకాళ్ల మీద ఎక్కిన భక్తుడి కాళ్లంత అలసిపోయింది. చీర అంచు ఓణీ మీద పెడితే ఏది ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు. ఆ మాటే చెప్పాను. "బస్, ఇగ అయిపోయింది," అన్నాడు.

సుగుణమ్మ వచ్చినప్పుడు ఆయన ప్రత్యేకంగా కిందికి దిగి వచ్చాడు. ఎప్పుడూ కౌంటరు దగ్గరికి రాని మనిషి. ఆవిడ అంచు పక్కన ఓణీ పెట్టి, "నేనన్లేదా, సాబ్ చేస్తే కరెక్టే ఉంటదని," అంది. విషయం అక్కడితో ముగించవచ్చు. ఓణీలు కుదిరాయి, పేరు నిలిచింది, ఎవరికీ తెలియదు. నేనైతే చాయ్ తెప్పించేవాణ్ణి.

"అమ్మా, మొన్నటియి తప్పినయ్," అన్నాడు ఖాదర్ చాచా. "తప్పు జేసింది నేను. నా కంటికి తక్లీఫ్ ఉన్నది. నీ కండ్లు మంచిగనే ఉన్నయ్. ఎవలేం చెప్పినా నువ్వు జూసిందే నిజం అనుకో."

సుగుణమ్మ ఆయన్ను చూసింది, నన్ను చూసింది. "పెండ్లికి ఇద్దరూ రావాలె," అంది. అంతే. నేను ఆ కౌంటరు వెనక ఎన్నో గొప్ప మాటలు మాట్లాడాను. ఆ కౌంటరు ముందు పలికిన అన్నిటికంటే గొప్ప మాట ఆయనది. అందులో ఒక్క అలంకారం లేదు.

పెళ్లి అయిన వారానికి కంటి శుక్లం తీయించుకున్నాడు. పట్టీ విప్పిన మరునాడు మెట్లు ఎక్కుతూ చాచీ దుపట్టా పట్టుకుని నిలబడిపోయాడు. "ఇది నీలమా? రెండేళ్ల నుంచి నల్లది కప్పుకుంటున్నవనుకున్న. ఎందుకు ఊకున్నవ్?" చాచీ కళ్లు తుడుచుకుంటూనే, "ఏ రంగు కప్పుకున్ననో అడిగిన రోజుంటే గద చెప్పేది," అంది. డాబా మీదికి వచ్చి, ఓణీల తొందరలో నేను మళ్లీ గోనెల కిందే పెట్టేసిన మొక్క ముందు కూర్చున్నాడు. తర్వాత దానికి క్షమాపణ చెప్పుకున్నాడు, ఉర్దూలో. నేను వింటున్నానని తెలిసి కూడా ఆపలేదు.

నెట్లన్నీ ఒకేసారి లాగిపారేద్దామని నేను ముందుకు వెళ్తే చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఆగు. చీకట్ల పెరిగిన ఆకు ఒక్కసారి ఎండ జూస్తే మాడుతది. ముందు గోనె. వారానికి ఒక నెట్టు. నీ సంగతి సుత అంతే. ఒక్కసారి అంత నిజం మాట్లాడితే మాడిపోతవ్. రోజుకొక్క కోత కొయ్యి, నేను మాఫ్ చేస్త." వానలు పడ్డాక కొత్తాకు విప్పుకుంది. చిలకపచ్చ, అంచున ఎరుపు. దాని కొసన చిటికెన వేలంత కూజా. ఆ పూట ఇద్దరం చాయ్ తాగుతూ దాన్ని చూస్తూ కూర్చున్నాం. మా ఇద్దరికీ ఒకే రంగు కనిపించింది.

ఆయన పోయి రెండేళ్లు. నిద్రలో పోయాడు, ఎవరికీ తక్లీఫ్ ఇవ్వకుండా. నలభై రోజులయ్యాక చాచీ మూడో కుండీని నా చేతుల్లో పెట్టి, "పొద్దున పదింటికి దీన్ని ఎవలో ఒకరు జూడాలె," అంది. అప్పటినుంచి షాపులో మహారాణి బుగ్గలు తగ్గాయి. ఎవరైనా ఈ రంగు కలుస్తుందా అని అడిగితే గుడ్డ పట్టుకుని షాపు ముందు మూడు మెట్లు దిగి, వీధిలోని వేపచెట్టు నీడలో నిలబడి, కలవకపోతే కలవదని చెప్తాను. రోజుకొక్క కోత మాత్రం కోస్తాను. దానికి అనుమతి ఉంది. ఇవాళ్టిది ఈ వ్యాసంలోనే ఎక్కడో వాడేశాను.

పది అయింది. బకెట్‌లోని నీళ్లు పోసి, కుండీని నీడలోకి జరిపి, కొత్తాకు చూశాను. పచ్చ. అంచున ఎరుపు.